గర్భిణుల ఐరన్ మాత్రలపై రీసెర్చ్: నమ్మదగ్గ పేపర్లు, జిల్లా లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ నాలుగో సంవత్సరం, అమలాపురం

నమస్తే అండి. గర్భిణులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు క్రమం తప్పకుండా వాడుతున్నారా, మానేస్తే ఎందుకు మానేస్తున్నారు అన్నది మా గ్రూప్ టాపిక్. ఇక్కడి చుట్టుపక్కల పీహెచ్‌సీల్లో డేటా తీసుకుంటాం. ముందు రివ్యూ ఆఫ్ లిటరేచర్ (ఇప్పటికే వచ్చిన పేపర్ల సమీక్ష) రాయాలి. గూగుల్‌లో కొడితే హెల్త్ వెబ్‌సైట్లు, పాత థీసిస్‌లు, పేరు వినని జర్నళ్లు వస్తున్నాయి. మాది ప్రైవేటు కాలేజీ, డేటాబేస్ లాగిన్లేమీ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి? కోనసీమ జిల్లాకి రక్తహీనత శాతం ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: నర్సింగ్ ట్యూటర్, కాకినాడ

వైద్య పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైటుతో మొదలుపెట్టమ్మా. లాగిన్ అక్కర్లేదు, వెతకడం పూర్తిగా ఉచితం. టాపిక్ మొత్తాన్ని ఒక వాక్యంగా టైప్ చేయొద్దు, అలా కొడితే సున్నా ఫలితాలైనా వస్తాయి, అక్కర్లేనివైనా వస్తాయి. దాన్ని మూడు ముక్కలు చెయ్యి: ఎవరు (గర్భిణులు), ఏమిటి (ఐరన్, ఫోలిక్ యాసిడ్), దాని గురించి ఏం (క్రమంగా వాడటం). ఒక్కో ముక్కకి ఉన్న వేరే పేర్లన్నీ ఒక బ్రాకెట్‌లో పెట్టి మధ్యలో 'ఆర్' రాయి. మూడు బ్రాకెట్లనీ 'యాండ్'తో కలుపు. ఈ రెండు మాటలూ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే (OR, AND) ఉండాలి.

మూడో ముక్క దగ్గరే చాలామంది సగం పేపర్లు పోగొట్టుకుంటారు. 'అడ్హెరెన్స్' అని మాత్రమే కొడితే 'కంప్లయన్స్' అని రాసిన పాత పేపర్లు జారిపోతాయి. 'కన్సంప్షన్', 'ఇన్‌టేక్' అని రాసేవాళ్లూ ఉన్నారు. నాలుగూ పెట్టు. ఏ మాటనైనా కొటేషన్ గుర్తుల్లో పెడితే పబ్‌మెడ్ దానికి సమానమైన మాటలు తనంతట తాను వెతకడం ఆపేస్తుంది. కాబట్టి 'ఎనీమియా'ని కొటేషన్లలో పెడితే బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ విడివిడిగా ఇవ్వాలి.

మెష్ పదాలతోనే (పేపర్లకి తగిలించే ప్రామాణిక విషయ పదాలు) వెతికి ఆగిపోవద్దు. మన దేశపు జర్నళ్లు చాలా పబ్‌మెడ్ సెంట్రల్ (ఉచిత పూర్తి పేపర్ల భాండాగారం) ద్వారా పబ్‌మెడ్‌లోకి వస్తాయి. మెడ్‌లైన్‌లో (పబ్‌మెడ్‌లో ఎంపిక చేసిన జర్నళ్ల విభాగం) లేని ఆ పేపర్లకి మెష్ పదాలు ఉండవు. మెష్ వెతుకులాటకి, మామూలు మాటల వెతుకులాటకి మధ్య కూడా 'ఆర్' పెట్టు. ప్రాంతం పేరు 'ఇండియా'తో మొదలుపెట్టి, ఫలితాలు మరీ ఎక్కువైతేనే ఆంధ్రకి కుదించు.

'ఫ్రీ ఫుల్ టెక్స్ట్' ఫిల్టర్ మొదట్లోనే నొక్కితే ఉచితంగా దొరికేదే లిటరేచర్ అయిపోతుంది. ముందు అబ్‌స్ట్రాక్టులు (పేపరు సారాంశాలు) చదివి ఎంచుకో, పూర్తి పేపరు సంగతి తర్వాత. ఏ తేదీన, ఏ మాటలతో, ఏ ఫిల్టర్లతో వెతికావో, ఎన్ని వచ్చాయో వెంటనే ఒక నోట్‌బుక్‌లో రాసుకో. వైవాలో ఇది అడుగుతారు, తర్వాత గుర్తుచేసుకుని రాయడం కుదరదు.

జవాబు: పబ్లిక్ హెల్త్ నర్స్, భీమవరం

జిల్లా లెక్కల గురించి నేను చెప్తానండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019–21) నాటికి కోనసీమ జిల్లా లేదు, అది 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. మీరు వాడాల్సింది పాత తూర్పు గోదావరి ఫ్యాక్ట్ షీట్. "ప్రస్తుత కోనసీమ అప్పటి తూర్పు గోదావరిలో భాగం" అని ఒక వాక్యం తప్పకుండా రాయండి. మాకూ అంతే, ఆ షీట్లో పశ్చిమ గోదావరి అంటే ఏలూరు వైపు కూడా కలిసిన పాత జిల్లా.

ఆ షీట్లో బ్రాకెట్‌లో ఉన్న శాతాలు 25 నుంచి 49 మందిని బట్టి వచ్చినవి. 25 కన్నా తక్కువమంది ఉంటే నక్షత్రం గుర్తే ఉంటుంది. జిల్లా స్థాయిలో గర్భిణుల సంఖ్య చిన్నది కాబట్టి ఈ గుర్తులు చూడకుండా అంకె ఎత్తి రాయకండి. ఆంధ్రప్రదేశ్‌కి చెప్పే 58.8 శాతం 15–49 ఏళ్ల ఆడవాళ్లందరిదీ, గర్భిణులది కాదు. మాత్రల అంకె సర్వే నాడు గర్భంతో ఉన్నవాళ్లది కాదు, గత ఐదేళ్లలో కాన్పయినవాళ్లు గుర్తుచేసుకుని చెప్పినది. కనీసం 100 రోజులు వాడినవాళ్లకి ఒక అంకె, 180 రోజులు వాడినవాళ్లకి ఇంకొకటి ఉంటాయి. హెచ్‌ఎంఐఎస్‌లో (ఆరోగ్య కేంద్రాలు పంపే లెక్కల ప్రభుత్వ వ్యవస్థ) కనిపించేది ఇచ్చిన మాత్రల లెక్క. ఇచ్చినవన్నీ మింగినట్టు కాదు కదండీ.

ఇంకొకటి. రక్తహీనతకి హద్దు డెసిలీటరు రక్తంలో 11 గ్రాముల హిమోగ్లోబిన్ అని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండో త్రైమాసికానికి 10.5, మొదటి, మూడో త్రైమాసికాలకి 11. మీరు ఏది తీసుకున్నారో, ఏ సంవత్సరపు పత్రం నుంచి తీసుకున్నారో రాయాలి.

అడిగినవారు

చాలా థాంక్స్ అండి. ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు, ఇంపాక్ట్ ఫ్యాక్టరు, 'యూజీసీ ఆమోదం' అని అట్ట మీద వేసుకున్న జర్నల్ అయితే నమ్మొచ్చా? చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులు వాడొచ్చా?

జవాబు: మెడికల్ లైబ్రేరియన్, రాజమండ్రి

ఆ మూడూ రుజువులు కావండి. ఐఎస్‌ఎస్‌ఎన్ ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే, దానికి నాణ్యతతో సంబంధం లేదు. అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లని సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) క్లారివేట్ సంస్థ ఇచ్చేది, వేరే పేర్లతో అమ్మేవి లెక్కలోకి రావు. యూజీసీ తాను గుర్తించిన జర్నళ్ల 'కేర్' జాబితాను 2025లో ఆపేసింది. జర్నల్ పేరును ఎన్‌ఎల్‌ఎమ్ (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) క్యాటలాగ్‌లో కొట్టి, ప్రస్తుతం మెడ్‌లైన్‌లో ఉందా చూడండి. లేకపోతే డీఓఏజేలో (ఉచితంగా చదవగలిగే జర్నళ్ల డైరెక్టరీ) చూడండి. రెంటిలోనూ లేని జర్నల్ని పక్కన పెట్టడమే మంచిది, ముఖ్యంగా మూడు నాలుగు రోజుల్లో అచ్చువేస్తామని ప్రకటించుకుంటే. పబ్‌మెడ్‌లో కనిపించినంత మాత్రాన కూడా పేపరు మంచిదని కాదు. పైన 'రిట్రాక్టెడ్' (వెనక్కి తీసుకున్నారు) అని ఉందేమో గమనించండి.

చాట్‌బాట్ రిఫరెన్సు అయితే డీఓఐని (పేపరు గుర్తింపు సంఖ్య) డీఓఐ డాట్ ఆర్గ్‌లో పెట్టండి. తెరుచుకోకపోయినా, వేరే పేపరు తెరుచుకున్నా అది కల్పితమని అనుకోండి. కొన్నిసార్లు రచయితలూ జర్నలూ నిజమే, ఆ పేపరే ఉండదు. తెరుచుకున్నదాన్ని కూడా చదవకుండా రాయొద్దు.

డబ్బు అడిగే పేపర్లకి బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. చట్టబద్ధంగా ఎక్కడైనా ఉచిత ప్రతి ఉంటే పచ్చ తాళం చూపిస్తుంది. అదీ లేకపోతే అబ్‌స్ట్రాక్ట్ కింద ఉన్న రచయిత ఈమెయిల్‌కి పేపరు పేరు, మీ కాలేజీ పేరు, ఎందుకు కావాలో నాలుగు ముక్కల్లో రాయండి. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (జర్నళ్లకి కేంద్రం కట్టే ఉమ్మడి చందా) మొదటి దశలో ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే. హెల్త్ యూనివర్సిటీ కన్సార్షియం (కాలేజీలు కలిసి జర్నళ్లు తీసుకునే ఏర్పాటు) లాగిన్ ఏమైనా ఇచ్చారా అని మాత్రం మీ లైబ్రేరియన్‌ని అడగండి.

జవాబు: నర్సింగ్ ట్యూటర్, కాకినాడ

సీనియర్ల థీసిస్ నుంచి రివ్యూ పేరాలు ఎత్తొద్దమ్మా. వాటిలో ఒకరి తప్పు సంవత్సరం ఇంకొకరికి, తప్పు శాంపిల్ సైజు మరొకరికి అలా పాకిపోతూ ఉంటాయి. థీసిస్‌లో పేరు చూసి అసలు పేపరు తెరువు. పేపరు నాణ్యత చూసే జేబీఐ వాళ్ల క్రాస్ సెక్షనల్ (ఒకేసారి డేటా తీసుకునే అధ్యయనాల) చెక్‌లిస్టు ఉచితం, ఎనిమిది ప్రశ్నలే. ఒక్కో పేపరుకి అది నింపు. మందులు క్రమంగా వాడుతున్నారా అని కొలిచే మోరిస్కీ ఎనిమిది ప్రశ్నల స్కేలు చాలా పేపర్లలో కనిపిస్తుంది, దానికి లైసెన్సు కావాలి, అనుమతి లేకుండా మీ ప్రశ్నాపత్రంలో పెట్టకండి.

రివ్యూ రాసేటప్పుడు ప్రతి పేపరులోనూ 'క్రమంగా వాడటం' అంటే ఏమని లెక్కపెట్టారో వెతుకు. ఒకరు గత వారం మాత్రలు అడుగుతారు, ఇంకొకరు నెలవి అడుగుతారు, కొందరు మిగిలిన స్ట్రిప్పులు లెక్కపెడతారు. శాతాలు అంత తేడాగా రావడానికి పెద్ద కారణం ఇదే. ఆ నిర్వచనం పక్కన రాయకుండా రెండు పేపర్ల శాతాల్ని ఒకే వాక్యంలో పెట్టి పోల్చకండి.