ఎండీ పీడియాట్రిక్స్ తర్వాత నియోనేటాలజీ: డీఎమ్మా, ఫెలోషిప్పా?

గుంటూరు_పీజీ: ఎండీ పీడియాట్రిక్స్ (పిల్లల వైద్యం) ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను, తర్వాత నియోనేటాలజీ (అప్పుడే పుట్టిన బిడ్డల వైద్యం) చెయ్యాలని ఉంది. సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాసి, మూడేళ్ల సూపర్ స్పెషాలిటీ కోర్సులైన డీఎమ్మో డీఆర్‌ఎన్‌బీయో చెయ్యాలా, ఏడాది ఫెలోషిప్‌తో మా ఊళ్లో ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) పెట్టేసుకోవాలా? స్టైపెండ్, బాండ్, చేతిపని ఎంత నేర్పుతారు, అన్నీ చెప్పండి సార్. ఇంట్లో పెళ్లి గొడవ కూడా నడుస్తోంది.

నైట్‌కాల్: పెళ్లి సంగతి తర్వాత, ముందు నిద్ర సంగతి చూసుకో తమ్ముడూ. డీఆర్‌ఎన్‌బీ సెకండ్ ఇయర్ నేను. అర్ధరాత్రి 26 వారాలకే పుట్టిన బిడ్డకి అంబిలికల్ లైన్ (బొడ్డు రక్తనాళంలోకి సన్న గొట్టం) పెట్టాలి. బొడ్డు కోస్తే ధమనులు రెండూ తెల్లగా బిగుసుకుని ఉంటాయి, సిర ఒక్కటే నోరు తెరుచుకుని కనిపిస్తుంది. అదేమో తేలిగ్గా దొరుకుతుంది, ధమనిలోకి వెళ్లడానికే చెమటలు పడతాయి. ఇది పుస్తకం చూసి వచ్చేది కాదు.

పాత_ఫెలో: అలాగని ఫెలోషిప్ వాళ్లని తీసిపారెయ్యకండి. మా పట్టణంలో బబుల్ సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే పద్ధతి) మొదలెట్టింది నేనే. అంతకుముందు ఆయాసంతో పుట్టిన ప్రతి బిడ్డనీ అంబులెన్సులో హైదరాబాద్ పంపేవాళ్లు, దారిలోనే చలికి సగం ప్రాణం పోయేది.

డీఎం_గారు: సీపాప్ ఎవరైనా పెడతారు సార్. ఎకో (గుండె స్కాన్) చూసి పీడీఏకి (గుండె దగ్గర పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం తెరుచుకునే ఉండటం) మందు ఇవ్వాలా వద్దా అని తేల్చడం ఏడాదిలో వస్తుందా? బోర్డు మీద మాత్రం పెద్దక్షరాలతో నియోనేటాలజిస్ట్!

పాత_ఫెలో: బోర్డు గొడవ ఎందుకులెండి. మూడేళ్లు చేసొచ్చిన కుర్రాడొకడు మా దగ్గర 800 గ్రాముల బిడ్డకి శ్వాసనాళంలో ట్యూబ్ వెయ్యలేక నన్ను పిలిచాడు. ఆ రోజు డిగ్రీ ఎటు పోయింది?

నైట్‌కాల్: అది ఆ కుర్రాడి తప్పు కాదండీ. ఇప్పుడు లేబర్ రూంలోనే సీపాప్ పెట్టేస్తున్నాం, సర్ఫాక్టెంట్ (ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి ఇచ్చే మందు) కూడా సన్న గొట్టంతో లీసా పద్ధతిలో ఇచ్చేస్తున్నాం. బిడ్డలకి మంచిదే, కానీ ట్యూబులు వేసే అవకాశం మాకు తగ్గిపోయింది. బొమ్మ మీద ఎన్నిసార్లు వేస్తే ఏం లాభం?

డీఎం_గారు: మా ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కరువు లేదు. 600 గ్రాముల బిడ్డకి కూడా నేను ఒక్క ప్రయత్నంలో వేసేస్తాను.

పాత_ఫెలో: అబ్బో!

ఎస్‌ఎన్‌సీయూ_సిస్టర్: డాక్టర్లు కొట్టుకోవడం అయిపోతే మా ఎస్‌ఎన్‌సీయూ (జబ్బు చేసిన పసిబిడ్డల ప్రత్యేక యూనిట్) నర్సుల ట్రైనింగ్ గురించి కూడా ఎవరైనా మాట్లాడండి. కొద్దిరోజులు క్లాసులు, రెండు వారాలు అబ్జర్వర్‌షిప్ (పక్కనుండి చూసి నేర్చుకోవడం), ఆపైన యూనిట్ మొత్తం మా నెత్తినే. ఆక్సిజన్ మీదున్న నెలలు నిండని బిడ్డకి రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 95 శాతం దాటితే మానిటర్ మోగాలి. ఆ మోత భరించలేక పై లిమిట్ 100కి పెట్టేసి పోయే డ్యూటీ డాక్టర్లని ఎంతమందిని చూశానో. 88కి పడిపోయి మోగితే మాత్రం పరిగెత్తుకొస్తారు.

బుజ్జిగాడి_అమ్మ: ఆ ఆక్సిజనేనా సిస్టర్ కళ్లు పాడు చేసేది? మా బాబు 31 వారాలకి పుట్టాడు. డిశ్చార్జి కాగితంలో మూలన ఆర్‌ఓపీ స్క్రీనింగ్ (నెలలు నిండని బిడ్డలకి వచ్చే రెటీనా జబ్బు పరీక్ష) అని రాసి ఊరుకున్నారు, నోటితో ఒక్కరూ చెప్పలేదు. మా ఆడపడుచు నర్సు కాబట్టి సరిపోయింది.

ఎస్‌ఎన్‌సీయూ_సిస్టర్: అదీ ఒక కారణమేనమ్మా. 34 వారాల లోపు పుట్టినా, 2000 గ్రాముల లోపున్నా నెల తిరక్కుండా కంటి డాక్టరు చూడాలి. మరీ చిన్న బిడ్డలకైతే రెండు మూడు వారాలకే.

డీఎం_గారు: ఇవన్నీ ఎండీలోనే నేర్పుతారు, ఇక్కడ అప్రస్తుతం.

బుజ్జిగాడి_అమ్మ: నేర్పితే మాకెందుకు చెప్పలేదండీ?

గుంటూరు_పీజీ: సార్, బాండ్ గురించి ఎవరూ చెప్పలేదు.

నైట్‌కాల్: రాష్ట్రాన్ని బట్టి, కాలేజీని బట్టి మారుతుంది. సీటు వదిలేస్తే కట్టాల్సింది లక్షల్లో ఉంటుంది, ఆప్షన్లు పెట్టే ముందే రూల్స్ చదువుకో. ఎయిమ్స్, పీజీఐ కావాలంటే నీట్ ఎస్‌ఎస్ కాదు, ఐఎన్‌ఐ ఎస్‌ఎస్ అనే పరీక్ష విడిగా రాయాలి.

పాత_ఫెలో: ఎకో మిషన్‌కి పసిపిల్లల ప్రోబ్ సెకండ్‌హ్యాండ్‌లో ఎవరి దగ్గరైనా ఉందా? డీఎం గారిని అడగట్లేదు.