అప్‌డేట్: ప్రసవ సిమ్యులేషన్‌లో రక్తస్రావాన్ని ఆలస్యంగా గుర్తించడానికి కారణం తెలిసింది

నర్సింగ్ విద్యార్థులు ప్రసవ సిమ్యులేషన్‌లో (తల్లి స్థానంలో బొమ్మను ఉంచి చేసే శిక్షణలో) అధిక రక్తస్రావాన్ని ఆలస్యంగా గుర్తిస్తున్నారని, బొమ్మ పాతబడటమే కారణమా అని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. బొమ్మకూ దీనికీ సంబంధం లేదు. కొత్తది తెచ్చి చూసినా అదే ఆలస్యం జరిగింది.

అనుభవజ్ఞురాలైన ఒక మిడ్‌వైఫరీ (ప్రసవ సహాయ విద్య) అధ్యాపకురాలు రెండు సెషన్లు గమనించి, రక్తం ఎంత పోయిందో తెలుసుకోవడానికి విద్యార్థులు కంటి అంచనాపైనే ఆధారపడుతున్నారని, ఆ అంచనా అసలు కంటే బాగా తక్కువగా ఉంటోందని తేల్చారు. మీలో ఒకరు సూచించినట్టే, తడిసిన ప్యాడ్లను తూచి, పొడి ప్యాడ్ల బరువు తీసివేసి, 1 గ్రామును సుమారు 1 మిల్లీలీటరుగా లెక్కించడం నేర్పాము. ఉమ్మనీరు కలిస్తే లెక్క తప్పుతుంది కనుక, బిడ్డ పుట్టగానే కొత్త ప్యాడ్ వేయడం తప్పనిసరి. ఇప్పుడు రక్తస్రావం, అధికంగా పరిగణించే 500 మిల్లీలీటర్లకు చేరకముందే సహాయానికి పిలుస్తున్నారు, గర్భాశయాన్ని మర్దన చేయడం మొదలుపెడుతున్నారు.

నాకు మరింత సంతోషం కలిగించినది వేరొకటి. నడుముకు కట్టుకునే ప్రసవ నమూనాను సహాధ్యాపకురాలు ధరించి, తల్లి పాత్రలో “నాకేమవుతోంది?” అని అడిగినప్పుడు, అంతవరకు బొమ్మ ముందు మౌనంగా పనిచేసిన విద్యార్థులు ఆమె చేయి పట్టుకుని, చేస్తున్న ప్రతి పనినీ వివరించసాగారు.