మంచు పొరల సాక్ష్యం: వేడి ముందా, కార్బన్ డయాక్సైడ్ ముందా?

ప్రశ్న:
అంటార్కిటికా మంచులోంచి తవ్వితీసిన స్తంభాలను పరిశీలిస్తే, హిమయుగం ముగిసేటప్పుడు అక్కడ ముందు ఉష్ణోగ్రత పెరిగి, ఆ తర్వాతే కార్బన్ డయాక్సైడ్ పెరిగినట్లు కనిపిస్తుందని ఒక చర్చలో విన్నాను. అలాంటప్పుడు ఈ వాయువు వల్లే భూమి వేడెక్కుతోందనడం కార్యకారణాలను తారుమారు చేయడమే కదా అన్నది అక్కడి వాదన. దీన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలని ఉంది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
ఆ పరిశీలనలో పొరపాటు లేదు, దాని నుంచి తీసిన ముగింపే నిలవదు. హిమయుగాలు ముగియడానికి తొలి కదలిక భూమి కక్ష్యలోనూ, అక్షం వాలులోనూ వేల ఏళ్లపాటు నెమ్మదిగా జరిగే మార్పుల నుంచి వచ్చింది. సెర్బియా శాస్త్రవేత్త మిలుటిన్ మిలంకోవిచ్ లెక్కగట్టిన ఈ మార్పులు ఏ అక్షాంశంపై ఏ ఋతువులో ఎంత ఎండ పడుతుందన్నదాన్ని మారుస్తాయే గాని, భూమి మొత్తానికి ఏడాదిలో అందే శక్తిని దాదాపుగా మార్చవు. కాబట్టి రెండు అర్ధగోళాలూ కలిసి అంతగా వేడెక్కడానికి అవి ఒక్కటే చాలవు. వేడెక్కిన సముద్రం తనలోని కార్బన్ డయాక్సైడ్‌ను వదలడంతో గాలిలో పది లక్షల అణువులకు సుమారు 180గా ఉన్నది దాదాపు 280కి చేరింది. ఆ వాయువు, కరుగుతున్న మంచు కలిసి తొలి వేడిని ఎన్నో రెట్లు చేశాయి. అంటార్కిటికా ఒక్కదాన్నే కాక, ప్రపంచవ్యాప్తంగా 80 ఆధారాలను కలిపి చూసిన 2012 నాటి అధ్యయనంలో, భూమి సగటు ఉష్ణోగ్రత చాలావరకు కార్బన్ డయాక్సైడ్ వెనకే పెరిగినట్లు తేలింది.

రెండో జవాబు:
పై వివరణకు ఒకటి చేర్చాలి, నా దృష్టిలో అసలు కీలకం ఇదే. అప్పుడు సముద్రం వాయువును ఇచ్చింది, ఇప్పుడు పీల్చుకుంటోంది. మనం వెలువరిస్తున్న దానిలో దాదాపు సగాన్ని సముద్రాలు, అడవులు, నేలలు తీసుకుంటున్నా, 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతంపై కొలతలు మొదలైనప్పుడు సుమారు 315గా ఉన్న స్థాయి నేడు 420 దాటింది. బొగ్గు, చమురులలో కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన రకం) వాటా తక్కువ; గాలిలోనూ ఆ వాటా తగ్గుతూ వస్తోంది. ఇంధనం మండడానికి ఆక్సిజన్ ఖర్చవుతుంది కనుక గాలిలో ఆక్సిజన్ కూడా స్వల్పంగా తగ్గుతోంది. ఈ వాయువు సముద్రం నుంచో అగ్నిపర్వతాల నుంచో వచ్చి ఉంటే ఈ ఆనవాళ్లు ఇలా ఉండేవి కావు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి సూర్యుడే కారణమని అనేవారికి ఏం చెప్పాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న సౌరశక్తి పదకొండేళ్ల చక్రంలో పెరుగుతూ తగ్గుతూ ఉందే తప్ప, మొత్తంమీద పెరగలేదు. పైగా సూర్యుడే కారణమైతే మనముండే గాలి పొరకు పైనున్న పొర, అంటే స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇలాగే జరుగుతుందని వాతావరణ శాస్త్రవేత్తలు మనాబే, వెథరాల్డ్ 1967లోనే లెక్కవేసి చెప్పారు.

మూడో జవాబు:
శాస్త్రవేత్తల మధ్య నిజంగా సాగుతున్న చర్చ వేరు. ఈ వాయువు రెట్టింపైతే భూమి చివరికి ఎంత వేడెక్కుతుందన్నదానికి ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం) 2021 నివేదిక 2.5 నుంచి 4 డిగ్రీల వరకు అవకాశం ఉందని చెప్పింది. ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. శాశ్వతంగా గడ్డకట్టిన ఉత్తర ధ్రువ ప్రాంతపు నేలల్లో, గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు కార్బన్ నిల్వ ఉంది. అవి కరిగేకొద్దీ దానిలో ఎంత భాగం, ఎంత వేగంగా బయటికి వస్తుందన్నదే ఇప్పుడు చాలామంది పరిశోధకులను కలవరపెడుతున్న ప్రశ్న.