టీటీఎఫ్, ఓటీఎఫ్, వోఫ్2: తెలుగు పోస్టరుకు ఏ ఫాంటు ఫైలు వాడాలి?

కడప విద్యార్థిని:
అందరికీ నమస్కారం. నేను కడపలో డిజైన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాలపై పోస్టరు చేయమని తరగతిలో అభ్యాసంగా ఇచ్చారు. మండలి ఫాంటును టీటీఎఫ్ రూపంలో దించుకొని ఫోటోషాప్‌లో టైప్ చేస్తే, 'మిట్ట'లో ఒత్తు పడవలసిన చోట పొల్లుతో ఒక ట, దాని పక్కన విడిగా మరో ట వస్తున్నాయి. బ్రౌజర్‌లో మాత్రం అదే ఫాంటు చక్కగా ఉంది. టీటీఎఫ్ పాతది కాబట్టి ఓటీఎఫ్ తెచ్చుకోమని స్నేహితురాలు చెప్పింది. కానీ ఏడురోడ్ల కూడలి దగ్గర ఫ్లెక్సీలు వేసే షాపులో వాడే అను ఫాంట్లు కూడా టీటీఎఫ్‌లే, వాటిలో ఏ ఒత్తూ విరగడం లేదు. అసలు తేడా ఎక్కడుంది? వోఫ్2 అనే ఫైలు దేనికి?

అనంత డీటీపీ:
ఒత్తు విరగడానికి టీటీఎఫ్ కారణం కాదమ్మా. టీటీఎఫ్ అంటే ట్రూటైప్ ఫాంటు. ట్రూటైప్‌ను ఆపిల్ 1991లో తెచ్చింది. పోస్ట్‌స్క్రిప్ట్ వంపులతో గీసే అడోబీ వారి టైప్ 1 ఫాంట్లు అప్పటికే వాడుకలో ఉన్నాయి. 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి ప్రకటించిన ఓపెన్‌టైప్‌లో ఈ రెండు రకాల గీతలకూ చోటు దొరికింది. కాబట్టి ఈనాటి టీటీఎఫ్ చాలావరకు ఓపెన్‌టైపే. లోపలివి ట్రూటైప్ వంపులైతే టీటీఎఫ్ అనీ, పోస్ట్‌స్క్రిప్ట్ వంపులైతే ఓటీఎఫ్ అనీ సాధారణంగా పేరు పెడతారు. గుండ్రటి అక్షరాన్ని రెండో పద్ధతిలో తక్కువ బిందువులతో గీయవచ్చు; ఫ్లెక్సీ మీద ఆ తేడాను కనిపెట్టేవారు ఎవరూ ఉండరు.

ఒత్తుల పని చూసేవి ఫాంటులోని జీసబ్, జీపాస్ అనే పట్టికలు. ట, పొల్లు, ట వరుసగా వచ్చినప్పుడు చివరి రెండింటికి బదులుగా ట ఒత్తు బొమ్మను పెట్టమని జీసబ్ చెబుతుంది. గుర్తులు ఎక్కడ నిలవాలో జీపాస్ చెబుతుంది. ఫాంటు చెప్పినా సాఫ్ట్‌వేర్ వినాలి కదా! ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. పాత వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. ఆ తరువాత కొత్త డాక్యుమెంటు తెరిచి టైప్ చేయండి. ఇన్‌డిజైన్‌లోనైతే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఉంటుంది.

కర్నూలు లిపి:
పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. అను ఫాంట్ల సంగతి కొంచెం చెప్పాలి. అవి యూనికోడ్ ఫాంట్లు కావు; యూనికోడ్ అంటే ప్రతి లిపిలోని అక్షరాలకూ సొంత సంఖ్యలు ఇచ్చే ప్రపంచ ప్రమాణం. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గడులలో తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలుగా కూర్చబడి ఉంటాయి. ఒత్తు అక్కడ ఒక సిద్ధమైన బొమ్మ, సాఫ్ట్‌వేర్ కూర్చవలసింది ఏమీ లేదు, అందుకే విరగదు. ఆ వాక్యానికే మరో ఫాంటు పెట్టి చూడండి, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా అంతే. ప్రెస్సుల వారిని దీనికి తప్పుపట్టలేం, ఏళ్ల తరబడి చేసిన మ్యాటరంతా అందులోనే ఉంది. కొత్తగా నేర్చుకునేవారు మాత్రం యూనికోడ్‌తోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

వోఫ్2 వెబ్‌సైట్ల కోసం. అదే ఫాంటును బ్రాట్లీ పద్ధతిలో కుదించి, త్వరగా దిగేలా చేస్తారు. 2018లో వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. పోస్టరుకు దానితో పని లేదు.

కడప విద్యార్థిని:
సెట్టింగు మార్చగానే 'మిట్ట', 'బ్రహ్మోత్సవాలు' రెండూ సరిగా వచ్చాయి. ధన్యవాదాలు. నోటో సాన్స్ తెలుగులో అన్ని మందాలూ ఒకే ఫైలులో ఉన్నాయి. దానితో చేసిన పోస్టరును ప్రెస్సుకు పంపవచ్చా?

అనంత డీటీపీ:
అది వేరియబుల్ ఫాంటు. ఓపెన్‌టైప్‌లో 2016లో చేరిన సౌకర్యం. వాడుకోవచ్చు గాని, ప్రెస్సులోని పాత సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించకపోవచ్చు. అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా, మార్చిన పీడీఎఫ్ పంపండి. అలా మార్చాక అక్షరదోషం దిద్దడం కుదరదు కనుక, టైప్ చేసిన అసలు ఫైలును వేరుగా ఉంచుకొని, మార్చకముందే ప్రూఫ్ మరొకరితో చదివించండి.