బిల్డ్ స్క్రిప్టులో ‘ప్రైవేట్ టార్గెట్’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న (బెంగళూరు): అందరికీ నమస్కారం. అనంతపురం, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు బిల్డ్ స్క్రిప్టుల (ప్రోగ్రామును తయారుచేసే, పరీక్షించే పనులను నడిపే ఫైళ్ల) మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. వాటిలో పేరు పెట్టి పిలిచే ఒక్కో పనిని ‘టార్గెట్’ అంటారు కదా, ఆ మాటని అలాగే ఉంచాను. ‘ప్రైవేట్’ దగ్గర ఆగిపోయాను. వేరే టార్గెట్లు పిలవడానికే తప్ప మనిషి నేరుగా నడపకూడనిది అని భావం. రహస్య, గుప్త, ఆంతరంగిక, వీటిలో ఏది నప్పుతుంది?

జవాబు (చెన్నై): మూడూ వద్దండీ. అక్కడ దాచిందేమీ లేదు. ఫైలు తెరిస్తే అది చేసే పనంతా వరసగా కనిపిస్తుంది, లోగుట్టు పెరుమాళ్ళకెరుక అనుకోవాల్సిన సంగతే కాదు. ఆంతరంగికమంటే మనసుకూ నమ్మిన మనుషులకూ చెందిన మాట. నేనైతే ‘లోపలి టార్గెట్’ అంటాను.

కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టకండి. బిల్డ్ పనులు నడిపే ‘జస్ట్’ అనే టూల్‌లో పేరు ముందు అండర్‌స్కోర్ పెట్టినా, ప్రైవేట్ అని గుర్తు పెట్టినా ఆ టార్గెట్ జస్ట్ చూపించే జాబితాలో కనబడదు, అంతే. పేరు తెలిసి కొడితే నడుస్తుంది. ‘టాస్క్’ అనే ఇంకో టూల్‌లో ‘ఇంటర్నల్: ట్రూ’ అని రాస్తే మనిషి పిలిచినా నడవదు. మొదటిది ఓరగా వేసిన తలుపు, రెండోది లోపల గడియ పెట్టిన తలుపు. మొదటిదాన్ని ‘జాబితాలో చూపనిది’ అనే రాయండి. టెస్టులు అయ్యాకే నడవాల్సిన డిప్లాయ్ (తయారైన ప్రోగ్రామును వాడకంలో పెట్టే) టార్గెట్‌కి అండర్‌స్కోర్ ఒక్కటి తగిలించి ‘ప్రైవేట్’ అనేస్తే, కొత్తగా వచ్చిన పిల్లలు దానికి కాపలా ఉందనుకుంటారు. ‘యాంట్’ అనే టూల్‌లో హైఫన్‌తో మొదలయ్యే పేరును కమాండ్ లైన్‌లో పిలవలేం. యాంట్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది మరి!

ప్రశ్న: మరి ‘మేక్’ అనే టూల్‌లో టార్గెట్లకు పెట్టే ‘ఫోనీ’ గుర్తు?

జవాబు: అది వేరేనండీ. ఆ పేరుతో ఫైలు ఉందో లేదో చూడొద్దని మేక్‌కి చెప్పడమే, ఎవరు పిలవాలన్న ఊసే అందులో లేదు. మేక్‌లో ఒక రకమైన గ్నూ మేక్‌లో ‘ప్రైవేట్’ అన్న మాట ఉంది గానీ అది వేరియబుల్‌కి: ఒక టార్గెట్ కోసం ఇచ్చిన విలువ అది ఆధారపడ్డ టార్గెట్లకు దిగకుండా ఆపుతుంది. దాన్ని ‘లోపలి’ అనకండి, ‘దీనికి మాత్రమే’ అనండి.

మరొకరు (బెంగళూరు): ‘బేజెల్’ అనే బిల్డ్ టూల్‌ని కూడా చేర్చండి. అక్కడ ప్రైవేట్ అంటే వేరే ప్యాకేజీలు (ఒక్కో బిల్డ్ ఫైలు కిందికి వచ్చే కోడ్ భాగాలు) దాని మీద ఆధారపడకూడదని. మనిషి కమాండ్ లైన్‌లో బిల్డ్ చేయమంటే మాత్రం చేసేస్తుంది. ‘ఈ ప్యాకేజీకే’ అని రాస్తే సరిపోతుంది.