బరువు మాట ఎత్తకుండా వెల్‌నెస్ కోచింగ్ చేసినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. నేను స్కూల్లో సైన్సు చెప్తాను. ఈ ఏడాది పిల్లల తిండి, ఆటల సంగతి చూసే వెల్‌నెస్ కోచ్ బాధ్యత కూడా నాకే ఇచ్చారు. శిక్షణ మాత్రం ఒక్క పూటే.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు బాగా కదిలే ఆటో వ్యాయామమో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా టైంటేబుల్లో ఆటల పీరియడ్లు వారానికి రెండే. పరీక్షలు దగ్గరపడితే అవీ లెక్కలకే పోతాయి. (నిజం చెప్పాలంటే నేనూ ఒకటి రెండుసార్లు లాక్కున్నాను.) అందుకే క్లాసు మధ్యలో ఐదు నిమిషాలు లేపి కదిలిస్తున్నాను. చిన్న తరగతుల్లో బాగానే నడిచింది. తొమ్మిదో తరగతి వాళ్లే సిగ్గుపడి బెంచీ దగ్గర నిలబడిపోతున్నారు.

తిండి విషయం ఇంకా సున్నితం. కోచింగ్ అంటే ఉపదేశం కాదు, పిల్లలే ఒక చిన్న లక్ష్యం ఎంచుకోవాలి అని శిక్షణలో అన్నారు. తీపి డ్రింకు బదులు నీళ్లు తాగుతామని చాలామంది రాశారు. వారం తిరక్కుండానే మర్చిపోయారు. కాస్త లావుగా ఉన్న ఒక బాబైతే లంచ్ బాక్స్ తెరవడమే మానేశాడు. పక్కవాళ్లు ఏదో అన్నారట. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

మీలో ఎవరైనా ఈ పని చేసి ఉంటే మొదటి నెల ఏం చేశారు? తల్లిదండ్రులతో ఎప్పుడు మాట్లాడారు? తూకం వేయకుండా, మార్పు వచ్చిందని దేన్నిబట్టి తెలుసుకున్నారు? ముందు ఆ బాబుతో ఎలా మాట్లాడాలో చెప్పినా చాలు.