స్టెంట్ వేసిన చోటే మళ్ళీ బ్లాక్ – ఇది వంశంలో వచ్చేదేనా?

పెద్దబ్బాయి:
నాన్నకి స్టెంట్ వేసి ఏడాది తిరక్కుండానే సరిగ్గా అదే చోట మళ్ళీ సన్నబడింది. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు, సిగరెట్ అలవాటు లేదు, షుగర్ మాత్రం ఉంది. అంతకుముందు బాబాయికి కాలి రక్తనాళంలో బెలూన్ చేస్తే అదీ మళ్ళీ మూసుకుపోయింది. దాంతో ఇంట్లో అందరూ "మన రక్తంలోనే ఉంది" అని తేల్చేశారు. నాకూ తమ్ముడికీ ఇప్పుడు అదే టెన్షన్. దీనికి జీన్ టెస్ట్ లాంటిది ఏమైనా ఉందా? మీ ఇళ్ళలో ఇలా జరిగి ఉంటే చెప్పండి.

నీలిగోరింట:
మా అమ్మకి రెండు చోట్ల వేస్తే రెండూ సన్నబడ్డాయి. మేమూ వంశమే అనుకున్నాం. రెండోసారి లోపలికి అల్ట్రాసౌండ్ తీగ పంపి చూస్తే, ఒక స్టెంట్ అసలు పూర్తిగా విచ్చుకోలేదని తేలింది, అక్కడ సున్నం గట్టిపడి ఉందట. రెండోదాంట్లో మాత్రం నిజంగానే కండ పెరిగింది. ముందు ఆ తేడా తెలుసుకోండి.

క్యాథ్‌ల్యాబ్_ఉద్యోగి:
పెద్దబ్బాయి గారూ, నీలిగోరింట గారు చెప్పింది చాలా ముఖ్యం. బెలూన్‌తో వెడల్పు చేసినప్పుడు నాళం లోపలి పొరకి గాయమవుతుంది, దాన్ని మాన్చడానికి గోడలోని కండర కణాలు పెరిగి లోపలికి వస్తాయి, చర్మం మీద గాయం మానాక కొందరికి మచ్చ ఉబ్బెత్తుగా లేస్తుంది చూడండి, అలాంటిదే ఇది. ఆ మచ్చ ఎవరికి ఎంత లేస్తుందన్న దాంట్లో శరీర తత్వం పాత్ర ఉంది. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒకే మనిషికి ఒకటికి మించి స్టెంట్లు వేసినప్పుడు ఒకటి పూడితే రెండోది కూడా పూడే అవకాశం సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని చూశారు.

కానీ ఇంకో వైపు చూడండి. మందు పూత లేని పాత స్టెంట్లు 20 నుంచి 30 శాతం మందిలో మళ్ళీ సన్నబడేవి. 2003 ప్రాంతంలో మందు పూసిన స్టెంట్లు వచ్చాక అది 10 శాతం లోపుకి దిగింది. మనుషులు వాళ్ళే, జన్యువులు అవే, మారింది స్టెంటే. షుగర్, సన్నటి నాళం, పొడవాటి బ్లాక్, సరిగ్గా విచ్చుకోని స్టెంట్, వీటి బరువు ఎక్కువ. మీ నాన్నగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి నేనైతే ముందు అటే చూస్తాను. ఇక కాలి నాళాలు గుండెవాటి కంటే ఎక్కువగా మళ్ళీ మూసుకుంటాయి, అందుకని మీ బాబాయి సంగతిని దీనికి సాక్ష్యంగా తీసుకోకండి.

జీవశాస్త్రం_టీచర్:
జన్యువుల మీద వెతుకులాట చాలానే జరిగింది. మొదట్లో ఏసీఈ అనే జన్యువులో డీడీ రకం ఉన్నవాళ్ళకి ఎక్కువగా పూడుతోందని చిన్న అధ్యయనాలు చెప్పాయి, పెద్ద అధ్యయనాల్లో అది నిలబడలేదు. 2001లో ఆ డీడీ వాళ్ళకే ఆ జన్యువు తయారుచేసే ఏసీఈ ఎంజైమ్‌ని అణిచే క్వినాప్రిల్ అనే బీపీ మందు ఇచ్చి చూసినా ఉపయోగం కనపడలేదు. తర్వాత నెదర్లాండ్స్‌లో జెండర్ అనే పెద్ద అధ్యయనం సుమారు మూడు వేల మందితో చేశారు. అందులో పీ27 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్ళకి ముప్పు తక్కువని తేలింది. నాకు ఇది బాగా నచ్చే విషయం, ఎందుకంటే కణాలు విభజన చెందకుండా ఆపే ప్రోటీనే పీ27, స్టెంట్ల మీద పూసే సిరోలిమస్ కూడా ఆ ప్రోటీన్ తగ్గిపోకుండా చూస్తుంది. అంటే జన్యువు చూపించిన దారీ మందు పనిచేసే దారీ ఒకటే. అయినా ఏ ఒక్క జన్యువు ప్రభావమూ పెద్దది కాదు, చిన్న చిన్నవి చాలా కలుస్తాయి. అందుకే మళ్ళీ పూడుతుందో లేదో చెప్పే జీన్ టెస్ట్ వైద్యంలో వాడకంలో లేదు. ఎవరైనా అమ్మితే కొనకండి.

కొత్తచిగురు:
మరి మా అన్నయ్యకి స్టెంట్ తర్వాత జీన్ టెస్ట్ చేశారే?

క్యాథ్‌ల్యాబ్_ఉద్యోగి:
అది సీవైపీ2సీ19 అనే జన్యువు పరీక్ష అయి ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్రని శరీరం పనిచేసే రూపంలోకి మార్చగలుగుతోందా లేదా అన్నది చూస్తారు. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడానికి సంబంధించిన పరీక్ష అది. గడ్డకడితే ఉన్నట్టుండి గుండెపోటు వస్తుంది, కండ పెరిగితే నెలల తరబడి మెల్లగా ఆయాసం, ఛాతీ నొప్పి తిరిగి మొదలవుతాయి. రెండూ వేరు. దయచేసి ఎవరూ కూడా "మాకు కండ పెరిగే రకం" అనుకుని గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు ఆపకండి.

పెద్దబ్బాయి:
అందరికీ చాలా థ్యాంక్సండీ. మరి నేనూ తమ్ముడూ ఏం చేయించుకోవాలి?

జీవశాస్త్రం_టీచర్:
మళ్ళీ పూడటం సంగతి ఎలా ఉన్నా, అసలు బ్లాక్ రావడంలో వంశం పాత్ర గట్టిదే. షుగర్, బీపీ, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) చూపించుకోండి. లైపోప్రోటీన్-ఏ అని రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఇంకో రకం కణం ఉంటుంది, ఆ పరీక్ష కూడా అడగండి, అది ఎక్కువగా పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది, చాలామందికి జీవితంలో ఒక్కసారి చూస్తే సరిపోతుంది.

నీలిగోరింట:
నాన్నగారికి మళ్ళీ చేసేటప్పుడు స్టెంట్ లోపల ఐవస్‌తో (నేను చెప్పిన అల్ట్రాసౌండ్ తీగ) గానీ ఓసీటీతో (కాంతితో లోపలి బొమ్మ తీసే తీగ) గానీ చూస్తారా అని ముందే అడగండి. పాత స్టెంట్ ఏ రకం, ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్నది డిశ్చార్జ్ కాగితాల్లో ఉంటుంది, అవి వెంట పట్టుకెళ్ళండి. మా అమ్మకి రెండోసారి మందు పూసిన బెలూన్‌తో చేశారు, ఇప్పటివరకు బాగానే ఉంది.